ఉత్త కాళ్లతో పరుగు మొదలుపెట్టడం ఎలా?

ముందు ఒక చిన్న పని చేయండి. బూట్లు, సాక్సులు విప్పేసి గట్టి నేల మీద నిలబడి, ఉన్న చోటే అరనిమిషం పరుగెత్తండి. ఇప్పుడు కావాలని మడమ ముందు ఆనేలా చూడండి. రెండో అడుగుకే ఒళ్లు ఒప్పుకోదు. దెబ్బ నేరుగా మోకాలికి, అక్కడినుంచి నడుముకి తగులుతుంది. మీకు తెలియకుండానే పాదం ముందు భాగం మీదికి వచ్చేస్తారు, మోకాలు కాస్త వంగుతుంది, అడుగు చిన్నదవుతుంది. ఉత్త కాళ్లతో పరుగెత్తడంలో ఉన్న మేలూ కీడూ రెండూ ఈ అరనిమిషంలోనే తెలిసిపోతాయి. బూటు తీసేసినంత మాత్రాన దెబ్బ ఎక్కడికీ పోదు. మోకాలు మోసే బరువులో కొంత పిక్కకీ, పాదానికీ దిగుతుంది.

ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. బూట్లతో పది కిలోమీటర్లు తేలిగ్గా పరుగెత్తే రోజుల్లో, ఒక ఉదయం ఉత్త కాళ్లతో నాలుగు కిలోమీటర్లు పరుగెత్తాను. పరుగులో ఏ నొప్పీ లేదు. చిన్నప్పటి పరుగు మళ్లీ దొరికినంత హాయిగా ఉంది. మర్నాడు మెట్లు దిగలేకపోయాను, పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. నాలుగు రోజుల్లో అవి సర్దుకున్నాయి. తగ్గిపోయింది కదా అని మళ్లీ అదే దూరం మొదలుపెట్టాను. మూడో వారంలో పాదం పైభాగాన, వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి పట్టుకుంది. దానికి ఎనిమిది వారాలు పరుగు మానుకోవాల్సి వచ్చింది. మీకు ఆ ఎనిమిది వారాలు పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఆ నొప్పి సరిగ్గా మూడో వారంలోనే ఎందుకు వచ్చిందో తెలిస్తే కింద చెప్పే మెట్లన్నీ అర్థమవుతాయి. ఎముక కొత్త బరువుకి తగ్గట్టు మారాలంటే ముందు తనలోని పాత భాగాన్ని తవ్వేసుకుంటుంది, తర్వాత కొత్తది నింపుకుంటుంది. తవ్వడానికి సుమారు మూడు వారాలు, నింపడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అంటే మధ్యలో కొన్నాళ్లు ఆ చోటు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. అరికాలి చర్మం మాత్రం రెండు మూడు వారాల్లోనే గట్టిపడుతుంది, ఊపిరి అంతకుముందే కుదిరిపోయి ఉంటుంది. చర్మం, ఊపిరి రెండూ "పద, ఇంకాస్త" అంటున్న రోజుల్లోనే లోపల ఎముక సగం తవ్వి ఉంటుంది. అందుకే ఎంత పరుగెత్తాలన్నది ఎముకను బట్టి నిర్ణయించుకోవాలి. మీ ఉత్సాహాన్ని బట్టి కాదు.

మొదలుపెట్టేముందు: లాభం ఎంత, నష్టం ఎంత

ఉత్త కాళ్ల పరుగు గురించి మాట్లాడేవాళ్లందరూ ఇథియోపియాకి చెందిన అబెబె బికిలాని తలుచుకుంటారు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని ఆయన చెప్పులు లేకుండా 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పూర్తిచేసి బంగారు పతకం గెలిచాడు. అంతవరకు ప్రపంచంలో అంత వేగంగా మారథాన్ పరుగెత్తినవాళ్లు లేరు. అయితే నాలుగేళ్ల తర్వాత టోక్యోలో ఆయనే బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ గెలిచాడు. ఈ రెండో సగం చాలామంది చెప్పరు. రోమ్‌లో ఆయన గెలుపుకి కారణం బూట్లు లేకపోవడం అనుకుంటే టోక్యో గెలుపుకి సమాధానం దొరకదు. ఆ రెండు చోట్లా ఆయనతో ఉన్నవి ఏళ్ల తరబడి పరుగెత్తిన కాళ్లు.

పరిశోధనల విషయానికొస్తే, 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. ఉత్త కాళ్లతో పరుగెత్తడం అలవాటైనవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం గానీ మధ్య భాగం గానీ ముందు ఆనిస్తారనీ, అలా ఆనించినప్పుడు మడమ ఆనించినప్పటిలా ఒక్కసారిగా దెబ్బ తగలదనీ అందులో చూపించారు. దాంతో ఎంతోమంది బూట్లు విప్పేశారు. 2013లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఉత్తర కెన్యాలో చెప్పులు లేకుండా పెరిగిన దాసనాచ్ ప్రజలను పరుగెత్తించి చూస్తే, మామూలు వేగంలో ఎక్కువమంది మడమే ముందు ఆనించారు. వేగం పెరిగినప్పుడు అది తగ్గింది. కాబట్టి గట్టి నేల మీద ఉన్న చోటే పరుగెత్తినప్పుడు అడుగు మారినా, అసలు పరుగులో బూటు తీసేయగానే అది దానంతటదే మారిపోతుందని నమ్మకండి. నేర్చుకోవాలి.

శక్తి ఆదా అవుతుందన్న మాట సగమే నిజం. పాదానికి ప్రతి 100 గ్రాముల బరువు కలిస్తే పరుగుకి అయ్యే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుంది. బూటు విప్పితే ఆ బరువు పోతుంది. కానీ బూటు మెత్తటి అడుగుభాగం చేసే పనిని కూడా అప్పుడు మీ కండరాలే చేయాలి. అక్కడ కొంత శక్తి ఖర్చవుతుంది. రెండూ లెక్కేస్తే తేలికైన బూటుకీ ఉత్త కాలికీ పెద్ద తేడా రాదు. రేసులో టైమ్ తగ్గించుకోవాలన్నదే మీ ఉద్దేశమైతే ఇది మీకు దారి కాదు.

మరి ఎందుకు చేయాలి? నా అనుభవంలో పెద్ద లాభం ఒక్కటే. మీ అడుగు ఎలా పడుతోందో అరికాలు వెంటనే చెప్పేస్తుంది. అడుగు పొడవైతే మడమకి తగులుతుంది, పాదం ఈడ్చుకుంటే చర్మం మండుతుంది. మెత్తటి బూటులో ఈ కబురు రావడానికి ఏళ్లు పడుతుంది, వచ్చేసరికి అది మోకాలి నొప్పిగా వస్తుంది. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు, వాటిని కదిపే చిన్న చిన్న కండరాలు ఉన్నాయి. బూటులో సగం నిద్రపోయే ఆ కండరాలకు పని దొరుకుతుంది. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్న కొందరికి చిన్న అడుగుల వల్ల మోకాలి మీద భారం తగ్గి ఊరట దొరుకుతుంది. అదే భారం పిక్కకీ, పిక్కని మడమకి కలిపే అకిలీస్ టెండన్‌కీ, పాదం ముందు ఎముకలకీ చేరుతుంది కాబట్టి, అక్కడ ఇప్పటికే ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇది పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

మొదటి మెట్టు: మీకు తగునో లేదో తేల్చుకోండి

షుగర్ ఉండి పాదాల్లో తిమ్మిరి, మొద్దుబారడం ఉంటే ఈ పరుగు మీకు వద్దు. నేను గట్టిగా చెప్పే మాట ఇది. గాజు పెంకు గుచ్చుకున్నా తెలియని పాదంతో బయట పరుగెత్తకూడదు, అలాంటి పాదంలో గాయం మానడం కూడా చాలా కష్టం. కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, ఈమధ్యే పాదానికి స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే భారంతో ఎముకలో వచ్చే సన్నటి పగులు) అయినవాళ్లు, అకిలీస్ టెండన్ వాచి ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టవద్దు.

మిగతావాళ్లు టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. బూస్టర్ వేయించుకుని పదేళ్లు దాటితే ముందు ఆ పని పూర్తిచేయండి. అలాగే జంతువుల, మనుషుల మలం కలిసే అవకాశం ఉన్న తడి మట్టిలో ఉత్త కాళ్లతో తిరగవద్దు. కొంకి పురుగు పిల్లలు అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తాయి.

రెండో మెట్టు: మూడు వారాలు నడక

ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. మొదటి మూడు వారాలు ఉత్త కాళ్లతో పరుగు లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ చెప్పులు లేకుండా ఉండండి. బయట శుభ్రమైన గట్టి నేల మీద రోజుకి పది నిమిషాల నడకతో మొదలుపెట్టి అరగంటకి తీసుకెళ్లండి.

దీంతోపాటు రోజూ మూడు కసరత్తులు చేయండి. ఒకటి, ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తి మెల్లగా దించడం. దించేటప్పుడు మూడు లెక్కపెట్టండి, బలం అక్కడే వస్తుంది. రెండు, ఒంటికాలి మీద అరనిమిషం నిలబడడం. అది తేలికైతే కళ్లు మూసుకుని నిలబడండి. మూడోది చూడడానికి చిన్నదే గానీ నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది. వేళ్లు ముడవకుండా, పాదం వంపుని పైకి లాగి పాదాన్ని పొట్టిగా చేయాలి. మొదట్లో ఏమీ కదలనట్టే ఉంటుంది. వారం రోజులు పట్టు వదలకండి, వంపు కింద చిన్న కండ బిగుసుకోవడం తెలుస్తుంది.

ఒక్కో కాలితో ఆగకుండా ఇరవై సార్లు మడమ ఎత్తగలిగి, మర్నాడు నొప్పి లేకపోతే పరుగుకి వెళ్లండి. ఇరవై రాకపోతే ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉండండి. పరుగులో ప్రతి అడుగుకీ పిక్క ఇంతకంటే పెద్ద బరువే మోయాలి.

మూడో మెట్టు: నేల ఎంచుకోవడం

కొత్తవాళ్లకు గడ్డి గానీ ఇసుక గానీ మంచిదని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. మెత్తటి నేల మీద మడమతో బాదినా నొప్పి తెలియదు, కాబట్టి బూటులో చేసే తప్పే ఇక్కడా చేస్తారు. లోతు ఇసుకలో మడమ కిందికి దిగిపోయి అకిలీస్ టెండన్ బాగా సాగుతుంది. గడ్డిలో ముల్లు, గాజు కనిపించవు. నునుపుగా, గట్టిగా, శుభ్రంగా ఉండి కిందేముందో కనిపించే నేలే అన్నిటికంటే మంచి గురువు. సిమెంటు దారి, నున్నటి తారు రోడ్డు, ఆటస్థలం ట్రాక్ ఏదైనా సరే. సింథటిక్ ట్రాక్ మీద గరుకు ఎక్కువ, మొదట్లో చర్మం త్వరగా అరుగుతుంది. అక్కడ ఇంకా తక్కువ పరుగెత్తండి.

ఎండ గురించి జాగ్రత్త. మండుటెండలో తారు రోడ్డు 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మోచేతి వెనకభాగం గానీ చేతి వెనకభాగం గానీ నేల మీద పది సెకన్లు ఆనించి చూడండి, ఉంచలేకపోతే వెనక్కి వచ్చేయండి. చలి కూడా అంతే ప్రమాదం. కాళ్లు కొయ్యబారితే దెబ్బ తగిలినా తెలియదు.

నాలుగో మెట్టు: అడుగు

నిటారుగా నిలబడి, చీలమండల దగ్గరనుంచి ఒళ్లంతా ఒక కర్రలా కాస్త ముందుకి వాలండి. పడబోతున్నారనిపించినప్పుడు కాలు దానంతటదే ముందుకి వస్తుంది. పాదం మీ ఒంటి కిందే పడాలి, ఒంటి ముందు కాదు. అడుగులు చిన్నవి, గబగబా. ఎన్ని పడుతున్నాయో తెలుసుకోవడానికి కుడికాలు నేలకి ఆనడాన్ని అరనిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 43 వస్తే నిమిషానికి 172 అడుగులు. నిమిషానికి 180 పడాలని చాలామంది చెబుతారు గానీ, అందరికీ అంతే రావాలన్న నియమమేమీ లేదు. మనిషి ఎత్తు, వేగాన్ని బట్టి మారుతుంది. కానీ మీది 160 దగ్గర ఉంటే అడుగు పొడవుగా పడుతోందని అర్థం, కాస్త పెంచండి.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. "మడమ ముందు ఆనకూడదు" అని విని చాలామంది మునివేళ్ల మీదే పరుగెత్తుతారు, మడమని నేలకి తగలనివ్వరు. నేను చేసింది ఇదే, నా పిక్కలు బిగుసుకుపోయింది ఇందుకే. పాదం ముందు భాగం బయటి అంచు ముందు ఆనాలి, వెంటనే పాదం లోపలికి పరుచుకోవాలి, ఆ తర్వాత మడమ మెత్తగా నేలని తాకి లేవాలి. మడమ తాకడం వల్ల పిక్కకి ప్రతి అడుగులో కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఇది మాటల్లో పెద్దదిగా కనిపిస్తుంది గానీ, చీలమండని వదులుగా ఉంచితే దానంతటదే జరుగుతుంది. పాదాన్ని బిగించి ఒక పద్ధతిలో పెట్టాలని చూసినప్పుడే పాడవుతుంది.

పాదాన్ని కిందికి కొట్టడం మీద కాకుండా పైకి తీయడం మీద మనసు పెట్టండి. కాలుతున్న నేల మీంచి తీసినట్టు. చెవి కూడా పెట్టి వినండి: టపటపమని చప్పుడు వస్తుంటే బరువుగా పడుతున్నట్టు, దాదాపు ఏమీ వినబడకపోతే బాగా పడుతున్నట్టు.

పరుగయ్యాక అరికాలు చూసుకుంటే పాఠం దొరుకుతుంది. బొటనవేలి కిందో, వేళ్ల చివర్లోనో బొబ్బ వస్తే నేలని వెనక్కి తన్నుతున్నారు. మడమ మీద వస్తే పాదం ముందుకి చాపి బ్రేక్ వేస్తున్నారు. బొబ్బ వచ్చిన రోజు కట్టుకట్టి కొనసాగించకండి, అది చెప్పిన తప్పు సరిచేసుకుని మళ్లీ వెళ్లండి.

ఐదో మెట్టు: ఎంత దూరం

బూట్లతో ఎంత పరుగెత్తగలరన్నది ఇక్కడ పనికిరాదు. నడక వారాలు అయ్యాక, పరుగు మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, అలా ఐదు సార్లు. అంటే మొత్తం పరుగు ఐదు నిమిషాలే. దీన్ని మీ మామూలు పరుగుకి ముందు, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు చేయండి. తర్వాత బూట్లు వేసుకుని మిగతాది పూర్తిచేయండి. చివర్లో చేస్తే అలసిన కాళ్లతో తప్పుడు అడుగు నేర్చుకుంటారు.

మూడు, నాలుగు వారాల్లో ఎముక బలహీనంగా ఉండే సమయం వస్తుంది. అందుకని అప్పుడు పెంచకండి. ఐదు నిమిషాల దగ్గరే ఉండండి, నాలుగో వారం మూడు నిమిషాలకి తగ్గించినా మంచిదే. ఐదో వారం నుంచి వారానికి ఒకటి రెండు నిమిషాల చొప్పున పెంచండి, ప్రతి నాలుగో వారం కాస్త తగ్గించండి. మూడు నెలలు అయ్యేసరికి పది పదిహేను నిమిషాలు, అంటే సుమారు రెండు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగితే చక్కగా సాగుతున్నట్టు. ఉత్త కాళ్లతో పెంచిన నిమిషాలను బూట్ల పరుగులోంచి తీసేయండి. వరసగా రెండు రోజులు మాత్రం వద్దు.

పల్చటి అడుగుభాగం ఉన్న మినిమలిస్ట్ బూట్లు వాడొచ్చా అని అడుగుతారు. ముళ్లు, గాజు నుంచి అవి కాపాడతాయి, నిజమే. కానీ చర్మానికి నొప్పి తెలియదు కాబట్టి, ఆగాల్సిన చోట ఆగరు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో 36 మంది అనుభవం ఉన్న రన్నర్లను పది వారాలు గమనించారు. ఐదు వేళ్లు విడివిడిగా ఉండే బూట్లకి మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో నీరు పెరిగినట్టు ఎంఆర్ఐలో కనిపించింది. పాత బూట్లలోనే ఉన్న 17 మందిలో ఒక్కరికి మాత్రమే అలా అయింది. ఆ బూట్లు తయారుచేసే విబ్రమ్ కంపెనీ, ఆరోగ్య లాభాల గురించి ఆధారం లేని మాటలు చెప్పిందన్న కేసులో, తప్పు ఒప్పుకోకుండానే 2014లో 37.5 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. వాటిని వాడాలనుకుంటే ముందు పైన చెప్పిన మూడు నెలలు ఉత్త కాళ్లతో గడపండి, తర్వాత తీసుకోండి.

ఆరో మెట్టు: ఏ నొప్పికి ఆగాలి

రెండు పిక్కలూ సమానంగా, కండంతా పరుచుకున్నట్టు నొప్పి పుడితే భయం లేదు. రెండు మూడు రోజుల్లో పోతుంది, పోయాకే మళ్లీ పరుగెత్తండి. పొద్దున్న లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద పొడిచినట్టుంటే అరికాలి కింది పొర, ప్లాంటార్ ఫేషియా రేగింది. అకిలీస్ టెండన్ ఉదయం బిగుసుకుపోయి, వేళ్ల మధ్య పట్టుకుంటే నొప్పి పుడితే దాన్నీ తేలిగ్గా తీసుకోకండి. ఈ రెండింటికీ ఉత్త కాళ్ల పరుగు ఆపి, నొప్పి లేని మేరకు మడమ ఎత్తే కసరత్తుకి తిరిగి వెళ్లాలి.

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది పాదం పైభాగంలో, రెండో మూడో వేళ్ల వెనక ఉండే పొడవాటి ఎముకల దగ్గర. అక్కడ ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి, ఒంటికాలితో గెంతితే నొప్పి, కాస్త వాపు ఉంటే అదే రోజు పరుగు ఆపేయండి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్‌కి దారితీసే గుర్తు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అని మళ్లీ పరుగెత్తి పూర్తిగా విరగ్గొట్టుకున్నవాళ్లు ఉంటారు. నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ గురించి డాక్టర్‌ని అడగండి.

పాదాల సంరక్షణ

పరుగయ్యాక సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తుడిచి, వెలుతురులో అరికాలు చూసుకోండి. చిన్న ముల్లు ఉంటే అప్పుడే తీసేయాలి, రేపటికి అది లోపలికి దిగుతుంది. గాయం పూర్తిగా మూసుకునేవరకు బూట్లే వేసుకోండి. చర్మం కాయలు కాస్తే స్పర్శ పోతుందేమోనని కొందరికి భయం. అరికాలి మందం నడకలో స్పర్శని తగ్గించదని 2019లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. కాబట్టి ఆ మందాన్ని రాయితో అరగదీయకండి. పగుళ్లు మాత్రం పడనివ్వకండి, రాత్రి కాస్త నూనె గానీ క్రీమ్ గానీ రాస్తే చాలు.

అందరూ పూర్తిగా బూట్లు వదిలేయాలని నేను అనుకోను. ఇప్పుడు నేను వారానికి మూడు రోజులు, ఒక్కోసారి పావుగంట మాత్రమే ఉత్త కాళ్లతో పరుగెత్తుతాను, దూరాలన్నీ బూట్లతోనే. ఆ పావుగంటలో కాళ్లకు గుర్తుకొచ్చిన అడుగు మిగతా రోజుల పరుగులోకి వస్తోంది, నాకు కావలసింది అదే. మీరు ఇవాళ చేయాల్సింది టెటనస్ తేదీ చూసుకోవడం, ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెట్టి రాసుకోవడం. కుడికాలికి, ఎడమకాలికి విడివిడిగా రాసుకోండి. రెండింటికీ తేడా ఉంటే, తక్కువ వచ్చిన కాలి లెక్కనే మీ లెక్కగా తీసుకోండి.